గుంజి చూడకూడని తాడు

మా ఆయన చెట్టు మీది నుంచి పడలేదు. ఈ మాట మొదటే చెప్పేస్తాను, ఎందుకంటే ఆస్పత్రి వరండాలో పక్కన కూర్చున్న ప్రతి ఒక్కరూ అదే అడిగారు. కల్లు గీసే మనిషి మోకాలు పట్టుకుని కూర్చుంటే ఇంకేం అడుగుతారు! పెళ్ళి కాకముందు నుంచీ తాటిచెట్లు ఎక్కి దిగుతున్న మనిషి, చివరికి నేల మీద పడ్డాడు.

వానలు పడుతున్న రోజులు. పొద్దున్నే కల్లు దించి, మోపెడ్‌కు రెండు వైపులా లొట్టీలు, అంటే కల్లు కుండలు, కట్టుకుని వస్తున్నాడు. పొలం ఒడ్డు దగ్గర బండి ఆపి ఎడమ కాలు కింద పెట్టాడు. పాదం బురదలో దిగబడింది. బండి ఒరిగిపోతుంటే కల్లు పోతుందని దాన్ని పట్టుకోబోయి ఒళ్ళంతా అటు తిప్పాడు. ఒళ్ళు తిరిగింది గానీ పాదం తిరగలేదు. మోకాలి లోపల టప్పుమని చప్పుడైంది. కుంటుకుంటూ ఇంటికొచ్చి నాతో అన్న మొదటి మాట, ఒక్క లొట్టి కూడా పగల్లేదని. నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. గంట తిరిగేసరికి మోకాలు ఇంత లావున వాచింది.

మాది కరీంనగర్ దగ్గర పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలకు దెబ్బ తగిలితే ఆస్పత్రికి తీసుకుపొమ్మని తల్లులకు చెప్పేది నేనే. మా ఇంట్లో మాత్రం అత్తమ్మ మాటే నెగ్గింది. పక్క ఊళ్ళో కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. కొన్నాళ్ళకు వాపు తీసింది, నొప్పి పోయింది. చూశావా అన్నట్టు అత్తమ్మ నా ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. ఆయన మళ్ళీ చెట్లెక్కడం మొదలుపెట్టాడు.

నేను చెట్ల దగ్గరికి పోను. మా పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు. మా బాపు కూడా కల్లు గీసేవాడే. నేను బడికి పోయే వయసులో ఆయన తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, కానీ నడుము కింద స్పర్శ పోయింది. తర్వాత మంచంలోనే చాలా ఏళ్ళు బతికాడు. అందుకే పెళ్ళైనప్పటి నుంచీ నాదొకటే ఫికర్. ఈ మనిషి పొద్దున రెండు కాళ్ళ మీద పోయి రెండు కాళ్ళ మీద తిరిగి రావాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఒక రోజు అంగన్‌వాడీ సెంటర్‌కు సెలవు. మా ఆయన సద్ది మూట మరిచిపోయి పోతే తీసుకుపోయాను. నేను చేరేసరికి చెట్టు ఎక్కబోతున్నాడు. వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడును మోకు అంటారు. ఎక్కే ముందు కాళ్ళు చెట్టు మొదట్లో తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వేసి, ఆ మోకును గట్టిగా గుంజి చూస్తారు. తండ్రి నేర్పిన పద్ధతి. మా ఆయన ఎంత తొందరలో ఉన్నా గుంజి చూడకుండా ఎక్కడు. ఆ రోజూ గుంజాడు, ఎక్కాడు. సగం దాటాక ఎడమ కాలు పైకి వేసి దాని మీద బరువు మోపగానే మోకాలు లోపలికి జారినట్టు కనిపించింది. పాదం చెట్టును వదిలేసింది. మోకు ఆపింది కాబట్టి సరిపోయింది. చెట్టును కావలించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నేను అరవలేదు. అరిస్తే పడతాడేమోనని నోరు రెండు చేతులతో మూసుకున్నాను.

దిగొచ్చాక మొఖం పాలిపోయి ఉంది. "కాలు నాది కానట్టయింది," అన్నాడు. ఇక నేను అత్తమ్మను అడగలేదు, ఎవర్నీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే కరీంనగర్ బస్సెక్కించాను.

ఎముకల డాక్టరు మాకంటే చిన్నవాడే. మోకాలు కొంచెం మడిచి, కింది ఎముకను రెండు చేతులతో పట్టుకుని ముందుకు లాగాడు. బాగున్న కాలు కదల్లేదు. ఎడమ కాలు సొరుగు లాగినట్టు ముందుకొచ్చింది. ఎమ్మారై తీయించమన్నాడు. రిపోర్టులో ఏసీఎల్ కంప్లీట్ టేర్ అని వచ్చింది. తొడ ఎముకనూ కింది ఎముకనూ మోకాలి లోపల కట్టి ఉంచే లిగమెంట్ పూర్తిగా తెగిందని, అది దానంతటది అతుక్కోదని చెప్పాడు. మామూలు నడకకైతే ఎక్సర్‌సైజులతో నెట్టుకురావచ్చట. కాలు మెలిపడే పని చేయాలంటే మాత్రం తెగినదాని స్థానంలో కొత్తది వేయాలి. దాన్నే గ్రాఫ్ట్ అంటారు. బయటి నుంచి తెచ్చేది కాదు, ఆయన ఒంట్లోంచే ఒక టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ, తీసి వేస్తారు.

తీయడానికి మూడు చోట్లున్నాయని డాక్టరు తన కాలి మీదే వేలితో చూపించాడు. మోకాలి చిప్ప కింద పటెల్లార్ టెండన్. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్. చీలమండ బయటి వైపు పెరోనియస్ లాంగస్.

మా ఆయన అన్నీ విని ఒకే ఒక్కటి అడిగాడు. "గీ మూడిట్ల ఏది గట్టిది సారూ?"

డాక్టరు నవ్వాడు. అందరూ అడిగేది అదేనన్నాడు. "ల్యాబ్‌ల మిషన్‌కు కట్టి గుంజి చూసిన్రన్నా. మూడూ నీ పాతదాని కంటె గట్టియే. హ్యామ్‌స్ట్రింగ్‌ను నాలుగు పేటలు మడుస్తం కాబట్టి గుంజుడు లెక్కల అది ముందుంటది. గని నాకు గట్టిదనం ఫికర్ లేదు. ఏడికెళ్ళి తీస్తే నీ పని చెడిపోదు, అది కావాలె. నువ్వు చెట్టెట్ల ఎక్కుతవో జర చూపెట్టు."

అప్పుడు మా ఆయన లేచి, ఆ గదిలో ఉన్న ఇనుప బీరువాను కావలించుకుని చూపించాడు. నర్సు తలుపు దగ్గర నిలబడి నవ్వు ఆపుకుంటోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన ఒక్కో అంగ చూపిస్తుంటే, ఆ మూడు చోట్లూ చెట్టెక్కడానికి కావాల్సినవేనని అర్థమవుతోంది. మోకాలి చిప్పలు చెట్టుకు ఒత్తుకుంటాయి. అక్కడి నుంచి తీస్తే ఒత్తినప్పుడల్లా నొప్పి ఉండొచ్చన్నాడు డాక్టరు. అరికాళ్ళు రెండూ లోపలికి తిరిగి చెట్టును పట్టుకుంటాయి. చీలమండ దగ్గర తీస్తే ఆ పట్టులో ఏమైనా తేడా వస్తుందేమో తాను గట్టిగా చెప్పలేనన్నాడు. తొడ వెనక తీస్తే కాలు మడిచి ఒంటిని పైకి లాగే బలం కొన్ని నెలలు తగ్గుతుంది, కానీ ఎక్సర్‌సైజుతో చాలావరకు తిరిగొస్తుంది. అలా హ్యామ్‌స్ట్రింగ్ అనుకున్నాం.

ఆపరేషన్ దాకా నాకు అన్నం సరిగా పోలేదు. మా మరిది మస్కట్‌లో ఉంటాడు. అక్కడ తన గదిలో ఎవరో చెప్పిన మాటలూ, ఫోన్‌లో చూసిన వీడియోలూ కలిపి వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాడు. ఒక రోజు చిప్ప కింద తీసేదే గట్టిదట అంటాడు, ఆటగాళ్ళకు అదే వేస్తారట. ఇంకో రోజు చీలమండ దగ్గరిది అంటాడు. విన్నప్పుడల్లా మేం తప్పు చేస్తున్నామేమో అనిపించేది. అత్తమ్మదింకో దారి. ఆపరేషన్ మంచిగైతే కొడుకు మెట్లెక్కి దర్శనానికి వస్తాడని కొండగట్టు అంజన్నకు మొక్కేసింది. మోకాలు తెగినవాడి పేరు మీద మెట్ల మొక్కు! నువ్వు మొక్కితే నువ్వే ఎక్కు అత్తమ్మా అన్నాను. నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆపరేషన్ రోజు నడుముకు స్పైనల్, అంటే కాళ్ళు మొద్దుబారే ఇంజెక్షన్, ఇచ్చారు. ఆ మాట వినగానే నాకు మా బాపు నడుమే కళ్ళ ముందుకొచ్చింది. కాళ్ళకు మళ్ళీ స్పర్శ వస్తుందా అని నర్సును అడిగాను, కాసేపయ్యాక మళ్ళీ అడిగాను. సాయంత్రం మా ఆయన కాలి బొటనవేలు కదిపి చూపించేదాకా నేను మంచం పక్క నుంచి లేవలేదు. డాక్టరు వచ్చి గ్రాఫ్ట్ మంచి మందంగా వచ్చిందనీ, పైన బటన్, కింద స్క్రూ వేసి ఎముకకు బిగించాననీ చెప్పాడు. నొప్పి తగ్గినా కొన్ని నెలలు దాన్ని నమ్మొద్దని కూడా చెప్పాడు. నేను విన్నాను, ఆయనా విన్నాడు. కానీ ఆయన చెవిలో నిలిచింది నాలుగు పేటల మాటే. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ నాలుగు పేటల తాడు వేసిన్రని గొప్పగా చెప్పుకున్నాడు.

ఆ తర్వాత మోకాలికి బ్రేస్, వాకర్, ఐస్ ముక్కల సంచి. ఫిజియోథెరపీ అమ్మాయిది ఆదిలాబాద్. మా పుట్టింటి వైపు మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చూడటానికి మెత్తగా ఉంటుంది గానీ పని దగ్గర రాయి. కాలు మడవడం కంటే పూర్తిగా చాపడం ముఖ్యమని, మడమ కింద తువ్వాల చుట్ట పెట్టి మోకాలిని కిందికి ఒత్తించేది. మా ఆయన పళ్ళు బిగబట్టి నన్ను బయటికి పొమ్మనేవాడు. ఇంటి దగ్గర ఆ పని నాది. ఎక్కువ ఒత్తితే తెగుతుందేమో, తక్కువ ఒత్తితే కాలు వంకరగానే ఉండిపోతుందేమో.

ఆయన చెట్లను తోటి గీత పనివాడు సాయిలు చూసుకుంటున్నాడు. మంచివాడే, రోజూ కల్లు తెచ్చి మా వంతు మాకిచ్చేవాడు. కానీ ఒకరి చెట్టు ఇంకొకరు గీస్తే ఎలా ఉంటుందో మా ఆయన మొఖంలో చూశాను. నీటి చెలిమెల దగ్గరి చెట్టు ఎట్లుంది, గెల ఎండిందా అని ఒక్కో చెట్టు గురించీ మనుషుల గురించి అడిగినట్టు అడిగేవాడు. సాయిలు పోయాక గోడ వైపు తిరిగి కూర్చునేవాడు.

మూడో నెలకు నొప్పి పోయింది. వాకర్ మూలకు పోయింది, బ్రేస్ కూడా తీసి తిరుగుతున్నాడు. ఇంట్లో అందరికీ పండగలాగే ఉంది. నేనూ చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. ఎందుకు చెప్తున్నానంటే, మేం భయపడాల్సింది సరిగ్గా అప్పుడే. మేమేమో అప్పుడే భయం మానేశాం.

ఒక రోజు సెంటర్ నుంచి కొంచెం ముందుగా వచ్చాను. ఇంటి వెనక పశువుల కొట్టంలో అలికిడైతే పోయి చూశాను. మా ఆయన రాతి స్తంభానికి మోకు చుట్టి, నడుముకు కట్టుకుని, రెండు పాదాలూ స్తంభానికి తన్నిపెట్టి వెనక్కి వాలి ఉన్నాడు. బాగున్న కాలు తీసేసి ఒంటి బరువంతా ఆపరేషన్ కాలి మీద వేసి ఒక్క గుంజు గుంజాడు.

ఏం చేస్తున్నవని అడిగాను. తప్పు చేస్తూ దొరికిన మొఖం కాదు. చాలా మామూలుగా చెప్పాడు.

"గుంజి సూస్తున్న. మోకును గుంజి సూడకుంట చెట్టెక్కుతమా? ఇదీ గంతే గదా, కొత్త తాడు. ఎంత ఆగుతదో నాకు ఎర్క కావద్దా? రెండుసార్లు గుంజిన, మస్తు గట్టిగున్నది. నువ్వే సూడు."

వద్దు అనేలోపే మూడోసారి గుంజాడు. నున్నటి రాయి మీద పాదం జారింది. మోకాలు పక్కకు మెలిపడింది. ఏం కాలే, ఏం కాలే అంటూనే అక్కడే కూలబడ్డాడు. పొద్దుగూకేసరికి మోకాలు మళ్ళీ మొదటి రోజులాగే వాచింది.

ఆ కోపంలో నేను ఏమేం తిట్టానో రాయను. అంగన్‌వాడీ పిల్లలు వినకూడని మాటలే అన్నీ. అత్తమ్మ కూడా నన్ను ఆపలేదు.

ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. మోకాలు మడిచి, మునుపటిలాగే ముందుకు లాగి చూశాడు, మళ్ళీ లాగాడు. డాక్టరు మొఖం వైపు చూడలేక నేను గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాను. గ్రాఫ్ట్ కొంచెం లూజ్ అయిందన్నాడు. తెగలేదు, లాగితే చివర్లో పట్టు తగులుతోంది, మళ్ళీ తీయించిన ఎమ్మారైలో కూడా అదే ఉందన్నాడు. ఇంకా సాగితే రివిజన్ చేయాలి, అంటే రెండో ఆపరేషన్. అప్పుడు గ్రాఫ్ట్ ఇంకోచోటి నుంచి తీయాలి. ఆ తర్వాత కుర్చీ మా ఆయన దగ్గరికి జరుపుకున్నాడు.

"రవన్నా, అది తాడు కాదు. ఆపరేషన్ నాడు గట్టిగనే ఉండె. తర్వాత మెత్తవడుతది. కోసి తీసిన ముక్క గదా, దానికి రక్తం అందదు. కొత్త రక్తనాళాలు లోపటికి పోయి అది మల్ల లిగమెంట్ లెక్క తయారు కావాలె. దానికి నెలలు వడతది. నొప్పి పోయేది, దాని బలం తగ్గేది ఒక్కటే టైంల. నీకు మంచిగైందనిపించిన నాడే అది అన్నిటికంటె బలహీనం."

మా ఆయన తల వంచుకుని అన్నాడు, "తాడు కొత్తగున్నప్పుడే గట్టిగుంటది గదా సారూ." వాదించడానికి కాదు, చిన్న గొంతుతో, ఇంతకాలం నమ్మిందొకటి చేతుల్లోంచి జారిపోయినట్టు అన్నాడు. నాకు అంతవరకు ఉన్న కోపమంతా పోయి ఏడుపొచ్చింది. ఆయన మూర్ఖంగా చేయలేదు. ప్రాణం కాపాడుకోవడానికి తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతి చేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి నాట్లేసిన పొలాలు కనబడుతున్నాయి. కొన్ని మళ్ళలో నారు ఇంకా పసుపుపచ్చగా వాలిపోయి ఉంది. అది చూపించి, "నాటేసినంక వేరు వట్టిందా లేదా అని పీకి సూస్తవా?" అన్నాను. ఆ రోజు నుంచి ఆయన చేయి మోకు వైపు పోలేదు.

మళ్ళీ బ్రేస్. మళ్ళీ వాకర్. రివిజన్ అవసరమా కాదా అన్నది కొన్ని వారాల తర్వాత గానీ చెప్పలేనన్నాడు డాక్టరు. ఆ వారాలు ఎలా గడిచాయో మాటల్లో పెట్టలేను. ఒక సంగతి మాత్రం దాచకుండా రాస్తాను. గ్రాఫ్ట్ పోతే ఈయన ఇక చెట్టెక్కలేడు కదా, ప్రాణమైనా మిగులుతుంది కదా అని నా మనసులో ఒక మూల అనిపించేది. మరుక్షణమే గోడ వైపు తిరిగి కూర్చున్న ఆయన వీపు కనిపించేది. చెట్టెక్కని మనిషి మా ఇంట్లో ఎలా బతుకుతాడో నాకు తెలియదు. రెండు వైపులా భయమే. దేవుడికి దండం పెట్టుకుంటే ఏం కోరుకోవాలో తెలిసేది కాదు.

చూపించుకోవడానికి పోయిన రోజు డాక్టరు లాగి చూసి, ఇంతకంటే సాగలేదు, పట్టు మంచిగానే ఉంది, రివిజన్ వద్దన్నాడు. నేను వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చుని కొంగుతో మొఖం తుడుచుకున్నాను. ఎందుకు ఏడుస్తున్నానో అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

ఆ తర్వాత ఏడాదిదాకా ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిందే వేదం. తొడ బలం రెండు కాళ్ళలో పోల్చి చూసేది. ఒంటికాలి మీద గెంతించి, ఎంత దూరం గెంతాడో సుద్దతో గీత గీసేది. ఎడమ కాలు కుడికాలికి దగ్గరగా రావడానికి చాలా నెలలు పట్టింది. చివరికి డాక్టరు పొలం పనీ, బండీ అన్నీ చేసుకోవచ్చన్నాడు. చెట్టు సంగతి అడిగితే, ఇది కొంచెం వదులైన మోకాలు, ఎక్కమని తాను చెప్పలేనని, ఎక్కితే మాత్రం నడుముకు బెల్టు ఉండే సేఫ్టీ కిట్ లేకుండా ఎక్కొద్దని అన్నాడు.

ఆ కిట్ పేరెత్తితే మా ఆయన ఒకప్పుడు నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. ముందు తక్కువ ఎత్తున్న ఈత చెట్టు అనుకున్నాం. నేనూ పోయాను, సాయిలూ వచ్చాడు. బెల్టు పెట్టుకున్నాడు, ఎక్కాడు. మనిషెత్తు దాటాడో లేదో ఆగిపోయాడు. మోకాలు జారిందనుకున్నాను. జారలేదు. నెమ్మదిగా కిందికి దిగి, బెల్టు విప్పుకుంటూ నా వైపు చూశాడు.

"భయమైతుంది సుజాతా," అన్నాడు.

పెళ్ళైనప్పటి నుంచీ ఈ మనిషి నోటి నుంచి ఆ మాట వినలేదు. ఇంట్లో భయమంతా నేనొక్కదాన్నే మోస్తున్నాను అనుకునేదాన్ని. సాయిలు ఏమనుకుంటాడో అని కూడా చూసుకోకుండా ఆయన చేయి పట్టుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఇప్పుడు ఆయన ఈత చెట్లు గీస్తున్నాడు, బెల్టుతోనే. తాటిచెట్లు సాయిలుకే వదిలేశాడు, కల్లు అమ్మే పని తను చూసుకుంటున్నాడు. చలికాలం పొద్దున మోకాలు పటపటమంటుంది. కుట్ల పక్కన అరచేయంత మేర ఇప్పటికీ స్పర్శ లేదు, అది హ్యామ్‌స్ట్రింగ్ తీసిన చోట మామూలేనట. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు. ఒక్కోసారి తాటిచెట్ల వైపు చూస్తూ నిలబడతాడు, నేను చూడనట్టు ఉంటాను.

ఈ ఆపరేషన్ చేయించుకోబోయే వాళ్ళకు నాదొక్కటే మాట. ఏ గ్రాఫ్ట్ గట్టిది అని డాక్టరును తప్పకుండా అడగండి. దాంతో ఆపొద్దు. అది ఎప్పటి నుంచి ఎప్పటిదాకా మెత్తగా ఉంటుందో కూడా అడిగి, ఆ నెలలు ఇంట్లో అందరికీ కనబడేలా గోడ మీద రాసిపెట్టండి. మీ పనిలో మీరు దేన్నైనా గుంజి చూసో, తొక్కి చూసో, ఎత్తి చూసో నమ్మే అలవాటుంటే అది ముందే డాక్టరుకు చెప్పండి. మాకు డాక్టరు చెప్పలేదని కాదు. చెప్పాడు. నొప్పి ఉన్నన్నాళ్ళు విన్నాం.